అర్థము లేని అక్షరములు

మనము మాటలాడునప్పుడు అర్థము లేని అక్షరమును పలుకము. ఒకడు సంతకు పోయి, జొన్నల ధర యడుగుటకు ముందు “తందాన తాన” యని పలికినచో అంగడివాడు వానివంక వింతగా చూచును. కాని ఆ మనుష్యుడే రాత్రి రచ్చబండయొద్ద కూర్చుండి, కథ వినుచు “తందాన తాన” యని గొంతు కలిపినచో ఎవ్వరును వింతపడరు. మాటలలో చోటు లేని యీ అక్షరములకు పాటలో ఇంత గౌరవము ఎట్లు కలిగినది? అవి పాటలో చేయు పని యేమి? ఈ విషయమును కొంత విచారింతము.

మొదట మన పల్లెప్రజలు తమ పాటలకు పెట్టుకొన్న పేర్లను చూడుడు. రోకటితో ధాన్యము దంచుచు స్త్రీలు పాడునది సువ్విపాట. పడవవారును, పనివారును పాడునది ఏలపాట. సంక్రాంతి దినములలో గొబ్బెమ్మల చుట్టు తిరుగుచు బాలికలు పాడునది గొబ్బిపాట. బిడ్డను నిదురపుచ్చుచు తల్లి పాడునది జోలపాట. ఊయెల నూచుచు పాడునది లాలిపాట. జంగములు తంబుర మీటుచు చెప్పునది తందాన కథ. “సువ్వి” యనగా నేమి? “ఏల” యనగా నేమి? “తందాన” యనగా నేమి? పండితులు కొన్నిటికి వ్యుత్పత్తులు చెప్పుదురు. పాడువారికి మాత్రము ఆ వ్యుత్పత్తులతో పని లేదు. పాటలో రాముని కథ యుండవచ్చును. అత్తకోడండ్ర తగవు ఉండవచ్చును. ప్రజలు ఆ కథను బట్టి పాటకు పేరు పెట్టలేదు. ఏ అక్షరములకు అర్థము లేదని మనము తలంచుచున్నామో వానిని బట్టియే పేరు పెట్టిరి. పాటకు అవియే ఆయువుపట్టని వారికి తెలియును.

కర్నూలు, కడప సీమలు మెట్ట ప్రాంతములు. వానలు తక్కువ, వచ్చినను నమ్మరానివి. అందుచే రైతులు పూర్వము బావులను నమ్ముకొని, కపిలలు తోలి చేలకు నీరు పెట్టుకొనెడివారు. బావి యొడ్డున ఒక గిలక యుండును. దానిమీదుగా పోవు మోకునకు ఒక కొన పెద్ద తోలుసంచియు, రెండవ కొన ఎద్దుల కాడియు కట్టుదురు. ఎద్దులు పల్లపుబాట వెంట దిగునప్పుడు సంచి నీటితో పైకి వచ్చును. అవి వెనుకకు ఎక్కునప్పుడు సంచి మరల బావిలోనికి దిగును. తెల్లవారుజామున మొదలుపెట్టి పొద్దెక్కువరకు ఇదియే పని. అలుపు తెలియకుండుటకు తోలువాడు పాట పాడును. ఆ పాట ఎద్దుల రాకపోకలకు సరిపోవలెను. చరణములోని మాటలు ముగిసినను ఎద్దులు ఇంకను బాట నడుమనే యున్నచో ఆ మిగిలిన కాలమును దేనితో నింపవలెను? సాగదీయుటకు వీలైన ఒక “ఏ”, ఒక “ఓ” అచ్చట నిలుచును. దానిని ఎంత కావలెనన్న అంత సాగదీయవచ్చును. అర్థముగల మాటను అట్లు సాగదీసినచో అది విరిగిపోవును.

బేతంచెర్ల, కొలిమిగుండ్ల ప్రాంతములలో నాపరాతి గనులు కలవు. పెద్ద బండను పదిమంది కలసి కదలింపవలసి వచ్చిన దనుకొందము. ఒక్కొక్కరు ఒక్కొక్క క్షణమున బలము చూపినచో బండ కదలదు. పదిమంది బలమును ఒకే క్షణమున చేరవలెను. అట్టి వేళ “హైలెస్సా” వంటి కేక యొకటి పుట్టును. దాని మొదటి భాగమున అందరును ఊపిరి బిగబట్టుదురు. చివరి భాగమున ఒక్కసారిగా లాగుదురు. సువ్విపాటలోను ఇదే మర్మము కలదు. ఇద్దరు స్త్రీలు ఒకే రోటిలో కొఱ్ఱలు దంచునప్పుడు ఒకరి రోకలి లేచునప్పుడు వేరొకరి రోకలి పడవలెను. లెక్క తప్పినచో రోకలికి రోకలి తగులును. “సువ్వి” యను పలుకు రోకలి పోటునకును, విడిచెడు ఊపిరికిని లెక్క కట్టును. కావున ఈ అక్షరములకు అర్థము లేదనుట పొరపాటు. నిఘంటువులో అర్థము లేకపోవచ్చును. చేతిపనిలో అర్థము కలదు.

ఇక తందాన కథను చూతము. కథకుడు నడుమ నిలిచి తంబుర మీటుచు కథ చెప్పును. ఇరుప్రక్కల నిలుచు వంతగాండ్రు గుమ్మెటలు వాయించుచు, అతడు చరణము ముగించినప్పుడెల్ల “తందాన తాన” యని వంత పలుకుదురు. ఈ వంత వలన మూడు ప్రయోజనములు కలవు. మొదటిది, కథకునికి ఊపిరి తీసికొనుటకు వ్యవధి దొరకును. రెండవది, తరువాతి చరణమును తలచుకొనుటకు, అవసరమైనచో అప్పటికప్పుడు కల్పించుటకు అవకాశము కలుగును. తెల్లవార్లు నడచు కథను పుస్తకము లేకుండ చెప్పువానికి ఈ చిన్న విరామములే ఆధారము. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. కథ రానివారు కూడ కథలో పాలుపంచుకొందురు. చరణము కథకునిది, వంత మాత్రము అందరిది. పొలమునుండి అలసి వచ్చిన కూలివాడును, ఆటలు మాని వచ్చిన పిల్లవాడును మొదటిసారి వినగానే దానిని నేర్చుకొందురు.

ఇట్టి పాటలు ఎంతటి పని చేయగలవో రేనాటి చరిత్ర తెలుపుచున్నది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వముపై తిరుగబడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోవెలకుంట్లలో ఆయనను ఉరితీసిరి. ప్రభుత్వమువారు తమ కాగితములలో ఆయనను తిరుగుబాటుదారునిగా వ్రాసికొనిరి. రేనాటి ప్రజలలో నాడు చదువు వచ్చినవారు అరుదు. ఐనను వారు ఆయన కథను పాటగా కట్టి తరతరములు నిలుపుకొనిరి. తరువాతి కాలమున తంగిరాల వేంకట సుబ్బారావుగారు అట్టి పాటలను సేకరించి “రేనాటి సూర్యచంద్రులు” అను గ్రంథమున ప్రకటించిరి. గ్రంథము కాకమునుపు ఆ కథ యెక్కడ నుండెను? చెప్పువాని జ్ఞాపకమున నుండెను. వంత పలికినవారి గొంతులలో నుండెను.

ఇవి చదువురాని వారి పద్ధతులే యని తలంపరాదు. సంగీత శాస్త్రము కూడ ఈ అక్షరములను గుర్తించినది. భరతముని నాట్యశాస్త్రములో వీనికి “శుష్కాక్షరములు” అను పేరు కలదు. అట్టి అక్షరములతో పాడు గానమును “నిర్గీతము” అనిరి. దానిని గూర్చి ఆ గ్రంథమున ఒక చక్కని కథ యున్నది. నారదాదులు దేవదానవుల సభలో గానము చేసిరట. దేవతలను స్తుతించు పాటలకంటె పదములు లేని నిర్గీతమే దానవులకు మిక్కిలి నచ్చెను. అది చూచి దేవతలు ఓర్వలేక, దానిని మాన్పింపుమని నారదుని కోరిరి. నారదుడు అందులకు సమ్మతింపలేదు. “దీనిని నశింపజేయరాదు. ఇకమీద ఇది బహిర్గీతమను పేర మీ గౌరవార్థమే నిలుచును” అని వారిని సమాధానపరచెను. మాటలుగల స్తోత్రము ఒక పక్షమువారికే ప్రియమైనది. మాటలు లేని గానము ఉభయపక్షములకును చెల్లినది. ఈ కథలోని సారము ఇదియే.

శుష్కము అనగా ఎండినది. ఎండినదంతయు చచ్చినది కాదు. మన మెట్టచేనిలో చల్లు విత్తనము కూడ ఎండియే యుండును. వాన తగిలినప్పుడు మొలకెత్తును. ఈ అక్షరములకు రాగమే వాన. 13వ శతాబ్దమున దేవగిరి యాదవుల ఆస్థానమున నున్న శార్ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరమున ప్రబంధమునకు ఆరు అంగములను చెప్పెను. అవి స్వరము, బిరుదము, పదము, తేన, పాట, తాళము. ఇందు “తేన” యనునది మంగళకరమైన శబ్దము. “పాట” యనునది మన తెలుగుపాట కాదు. వాద్యముల పలుకులకు సంస్కృతమున గల పేరు. ఆరు అంగములలో అర్థముగల మాటకు చెందినవి రెండో మూడో. తక్కినవి నాదమునకు, లయకు చెందినవి.

ఈ వాద్యపు పలుకులలో చక్కని గణితమున్నది. మూడు మాత్రలకు “తకిట”, నాలుగింటికి “తకధిమి”, ఐదింటికి “తకతకిట”, ఏడింటికి “తకిట తకధిమి” అని మృదంగము నేర్చువారు చెప్పుదురు. “ఏడు” అను మాటలో రెండే అక్షరములు కలవు. “తకిట తకధిమి”లో సరిగా ఏడక్షరములు కలవు. “ఏడు” అను మాట ఏడింటిని గూర్చి చెప్పును. “తకిట తకధిమి” తానే ఏడై నిలుచును. రాయలసీమ పల్లెలలో ప్రసిద్ధమైన చెక్కభజనను మీలో కొందరు చూచియుందురు. చేత చెక్కలు పట్టి, వలయముగా నిలిచి, పాటకు తగినట్లు అడుగులు వేయుదురు. అడుగులు నేర్పునప్పుడు గురువు అంకెలు చెప్పుచు కూర్చుండిన పని జరుగదు. పలుకు చెప్పినచో చాలును. కాళ్లు దానిని గ్రహించును.

పిల్లల పాటలలో ఈ అక్షరములు వేరొక పని చేయును. వాన రాకున్నచో పల్లెలలో పిల్లలు రోకటికి వేపమండలతో కప్పను కట్టి, ఇంటింటికి త్రిప్పుదురు. ఇల్లాండ్రు దానిపై నీళ్లు పోయుదురు. వానను పిలుచు పిల్లల పాటలో “వల్లప్ప” యని యొక పేరు వినబడును. ఈ వల్లప్ప యెవడు? ఏ యూరివాడు? వెదకిన పని లేదు. “వాన”కు మొదట “వ” యున్నది కావున దానికి జోడుగా “వ”తో మొదలగు పలుకొకటి కావలసి వచ్చినది. మీరు పద్యములలో నేర్చుకొనిన యతి వంటిదే యిది. ఛందస్సు చదువని పిల్లల చెవి కూడ యతిని కోరును. ఆ కోరికయే వల్లప్పను పుట్టించినది.

ఇది మన దేశమునకే పరిమితమైన వింత కాదు. తల్లులు బిడ్డలను నిదురపుచ్చు రీతిని లోకమంతట పరిశీలింపుడు. తెలుగు తల్లి “జోజో” యనును, “లాలి” యనును. ఐర్లండు తల్లి “షోహీన్ షో” యనును. రష్యా తల్లి “బాయు బాయు” అనును. జపాను తల్లి “నెన్నెన్” అనును. ఫ్రాన్సు తల్లి “దోదో” యనును. ఈ దేశములు ఒకదానికొకటి ఎంతో దూరము. ఐనను అన్నిచోట్లను తల్లి యేరుకొనిన శబ్దములు మెత్తనివి, పొట్టివి, రెండేసిసార్లు పలుకదగినవి. బిడ్డకు మాటలు తెలియవు. ఊయెల ఊపు తెలియును. తల్లి గొంతు తెలియును. అందుచే తల్లి బిడ్డకు తెలిసిన భాషలోనే పాడుచున్నది. పెద్దలు కూడ ఈ విద్యను విడువలేదు. అమెరికాలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అను నీగ్రోజాతి గాయకుడు 1926లో ముద్రించిన యొక గ్రామఫోను పాటలో మాటలను విడిచి, వట్టి అక్షరములతో తన గొంతును వాద్యమువలె పలికించెను. ఆ పద్ధతి జాజ్ సంగీతమున ప్రసిద్ధికెక్కినది.

ఎస్పెరాంటో యను భాష కథ ఇంకను చిత్రమైనది. పోలెండు దేశపు బ్యాలిస్టాక్ నగరమున జన్మించిన జామెన్‌హోఫ్ అను నేత్రవైద్యుడు, నానాదేశములవారు సులభముగా నేర్చి, ఒకరితోనొకరు మాటలాడుకొనుటకై ఈ భాషను కల్పించి, 1887లో వార్సా నగరమున ప్రకటించెను. ఇందు ప్రతి చిన్న పలుకునకును ఒక నియతమైన అర్థము కలదు. “లా” యనునది నామవాచకములకు ముందు వచ్చు పలుకు. ఆంగ్లములోని “ది” వంటిది. “త్రా” యనగా “గుండా, ద్వారా” అని యర్థము. ఐరోపా పాటలలో ఎల్లెడల వినబడు “త్రా లా లా” ను ఎస్పెరాంటో వ్యాకరణము ప్రకారము చదివినచో, “ద్వారా” అను పలుకు తరువాత “ది”, “ది” యని రెండుసార్లు వచ్చును; ఎటువంటి వాక్యమును కాదు. ఐనను ఎస్పెరాంటోలో “లా లా లా” యని పాడువాడు వ్యాకరణదోషము చేసినట్లు ఎవరును భావింపరు. మన తెలుగులోను అంతే. గ్రంథములలో “ఏల” యనగా “ఎందుకు” అని యర్థము. ఏలపాట పాడువానిని “ఎందుకని యడుగుచున్నావు?” అని ఎవరైన ప్రశ్నింతురా? పాట మొదలైన వెంటనే చెవి తనంతట తాను వేరొక తీరున వినసాగును. అర్థమునకై కల్పించిన భాషకు కూడ అర్థము లేని అక్షరములు తప్పలేదు.

మన పూర్వకవులు ఈ మర్మము నెరుగుదురు. శివకవియైన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున శ్రీశైలమును, అచ్చటి శివరాత్రి యుత్సవమును వర్ణించుచు, నాటి ప్రజల పాటలను పేర్కొనెను. తుమ్మెద పదములు, ప్రభాత పదములు, వెన్నెల పదములు, గొబ్బి పదములు ఆ పట్టికలో కలవు. నేడు నంద్యాల జిల్లాలో నున్న ఆ కొండపై ఇన్ని శతాబ్దముల క్రిందటనే ప్రజలు ఇట్టి పాటలు పాడుచుండిరి.

ఆ పాటల బాణీలను గ్రహించి దేవుని సన్నిధికి చేర్చినవాడు తాళ్ళపాక అన్నమాచార్యుడు. ఆయన 1408లో కడప సీమలో, రాజంపేటకు సమీపమున గల తాళ్ళపాక గ్రామమున జన్మించి, 1503లో పరమపదించెను. ముప్పదిరెండువేల సంకీర్తనలు రచించెనని ప్రతీతి. సంస్కృతాంధ్రములలో గొప్ప విద్వాంసుడైనను ఆయన రోకటిపాటలోని “సువ్వి”ని, ఊయెలపాటలోని “లాలి”ని, తల్లి “జో”ను, పల్లెవారి “తందనాన”ను చిన్నచూపు చూడలేదు. వానిని తీసికొనిపోయి తన పల్లవులలో నిలిపెను. ఇచ్చట మనము గమనింపదగిన విషయమొకటి కలదు. “బ్రహ్మమొక్కటే” యని ప్రసిద్ధమైన ఆయన కీర్తనలో, రాజునకును సేవకునికిని, గొప్పవానికిని దీనునికిని భేదము లేదని, అందరిలోను ఉన్న దైవమొక్కటే యని బోధ కలదు. ఆ కీర్తనకే ఆయన “తందనాన” యను వంతను కూర్చెను. ఇది ఎంతయు ఉచితముగా నున్నది. శ్లోకము పలుకుటకు చదువు కావలెను. “తందనాన” పలుకుటకు చదువు అక్కరలేదు; కులము అక్కరలేదు; ధనము అక్కరలేదు. అందరును సమానులని చెప్పు పాటకు అందరును సమానముగా పలుకగల వంతయే తగినది.

అన్నమాచార్యుని కీర్తనలు రాగిరేకులపై చెక్కబడి, తిరుమల ఆలయమున చిరకాలము మరుగుపడి, 20వ శతాబ్దమున వెలుగులోనికి వచ్చినవి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలగు విద్వాంసులు వానిని పరిష్కరించుటకు పాటుపడిరి. రేకులపై సాహిత్యము కలదు. రాగముల పేర్లు కలవు. కాని స్వరములు వ్రాసియుండలేదు. కవి యే బాణీలో పాడెనో ఆ బాణీ కాలగర్భమున కలసినది. ఐనను పల్లవిలో “సువ్వి” యున్నచో, అది రోకటి లయకు పుట్టినదని మనము గుర్తింపగలము. “లాలి” యున్నచో అది ఊయెల ఊపునకు పుట్టినదని చెప్పగలము. బాణీ పోయినను బాణీకి ఆనవాలు మిగిలినది. ఆ ఆనవాలును మిగిల్చినది అర్థముగల మాట కాదు. అర్థము లేని అక్షరమే.

ఈ మాటను నేడు మనము మరువరాదు. విద్యుత్తు వచ్చినది, కపిలలు పోయినవి. మరలు వచ్చినవి; రోళ్లు మూలబడినవి. ఇది శ్రమను తగ్గించిన మార్పే; దానికై విచారింపనక్కరలేదు. కాని పనితోపాటు పాటయు పోవుచున్నది. కొందరు పాటలను సేకరించి వ్రాయుదురు గాని, కథ యున్న చరణములను మాత్రము వ్రాసి, వంతను “ఇది వట్టి ఊతపదము” అని విడిచిపెట్టుదురు. అట్టి పాట కాగితముమీద పద్యమువలె పడియుండును. దానిని ఎట్లు పాడవలెనో, ఎక్కడ ఊపిరి తీయవలెనో, ఎక్కడ పదిమంది చేరవలెనో చదువువానికి తెలియదు. గింజను పాతరలో దాచి, నాటుటెట్లో చెప్పక పోయిన రైతు వంటివాడు ఆ సేకర్త.

విద్యార్థులారా! మీ యిండ్లలో అవ్వలు, తాతలు ఉన్నచో వారికి వచ్చిన పాట నొకదానిని అడిగి పాడించుకొనుడు. అది యే పని చేయుచు పాడినదో తెలిసికొనుడు. వ్రాయునప్పుడు “తందాన”ను, “సువ్వి”ని, “ఓ”ను, “ఏ”ను ఒక్కటియు విడువక, వారు ఎన్నిసార్లు పలికిరో అన్నిసార్లు వ్రాయుడు. తరువాత వారితో కలసి పాడుడు. చరణము మీకు వెంటనే రాకపోవచ్చును. వంత మాత్రము వచ్చును. అచ్చటనే మొదలుపెట్టుడు.

ప్రశ్నలు

1. పల్లెప్రజలు తమ పాటలకు వేనిని బట్టి పేర్లు పెట్టిరి? ఉదాహరణములు వ్రాయుడు.
2. తందాన కథలో వంత వలన కలుగు ప్రయోజనములు ఎవ్వి?
3. నిర్గీతమును గూర్చి నాట్యశాస్త్రమున గల కథను మీ సొంతమాటలలో వ్రాయుడు.
4. “‘ఏడు’ అను మాట ఏడింటిని గూర్చి చెప్పును, ‘తకిట తకధిమి’ తానే ఏడై నిలుచును.” వివరింపుడు.
5. “బ్రహ్మమొక్కటే” యను కీర్తనకు “తందనాన” యను వంత తగియున్నదని రచయిత యేల తలంచెను?
6. మీ ప్రాంతమున వాడుకలో నున్న పని పాట నొకదానిని వంతతో సహా సేకరింపుడు.